ఎనిడ్ సరస్సు మీద రెండు రోజులు

అమెరికా వెళ్ళి వచ్చిన మనవాళ్ళు నయాగరా జలపాతం గురించి వ్రాస్తారు, న్యూయార్కు మేడల గురించి వ్రాస్తారు. మేము ఆ రెండూ చూడలేదు. 2025 ఏప్రిల్‌లో మా తమ్ముడు టిక్కెట్లు పంపి పిలిపించుకొంటే, మేమిద్దరమూ మెంఫిసు నగరంలో అతని ఇంట మూడు వారాలుండి, అందులో రెండు రోజులు పక్క రాష్ట్రమైన మిసిసిపీలో ఎనిడ్ అనే సరస్సు మీద గడిపి, తిరిగి మా క్యాంపుకు వచ్చి చేరాము. ఏమి చూచి వచ్చారని అడిగిన వారికి చేపలు చూచి వచ్చామని చెబితే నవ్వుతున్నారు. పత్రిక చదివే సోదర సోదరీమణులు నవ్వినా ఫరవాలేదు గాని, చివరిదాకా చదివి నవ్వవలసిందని మా మనవి.

ముందుగా మా ఇంటి సంగతి కొంత చెప్పక తప్పదు. తుంగభద్ర డ్యాము 1953లో పూర్తయిన తర్వాత, కాలువ కింద భూములు చౌకగా దొరుకుతాయని విని కృష్ణా జిల్లా నుంచి గంగావతి ప్రాంతానికి వచ్చి గుడిసెలు వేసుకొన్న వారిలో మా తాతగారు ఒకరు. ఆ గుడిసెల వరుసే నేటి మా క్యాంపు. కన్నడ బడిలో మెట్రిక్ దాకా చదివి మేము గుమాస్తాగిరీలో పడ్డాము. తమ్ముడు ఇంకా చదివి సముద్రం దాటాడు. చిన్నతనంలో ఇద్దరమూ కాలువ గట్టు మీద గాలాలు వేసి కూర్చుని నాన్నగారి చేత తన్నులు తిన్నవాళ్ళమే. అతనికి ఆ పిచ్చి అక్కడ కూడా వదలలేదు. మాకు మాత్రం అది వేరే రూపంలో వచ్చింది.

2023లో క్యాంపు పక్కనున్న 12 ఎకరాల చెరువు అయిదేళ్ళ చేపల గుత్తకు వచ్చింది. ఆఫీసు మిత్రులం ముగ్గురమూ కలిసి పాట పాడి దక్కించుకొన్నాము. మా వంతు సొమ్ముకు మా ఆవిడ గాజులు రెండు తాకట్టుకు వెళ్ళాయి. ఎకరానికి అయిదు వేల చొప్పున అరవై వేల బొచ్చె పిల్లలు వేద్దామని లెక్క కట్టినవారము మేమే. పిల్ల ఒక కిలో అయితే అరవై వేల కిలోలు! గుమాస్తా బుద్ధి కదా, గుణకారం చేసిన తర్వాత ఇక మరేమీ కనబడదు. స్టోర్సు సెక్షనులో పని చేసే మా కన్నడ మిత్రుడు పాపం రాత్రంతా టెంపోలో కూర్చుని, గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో ఆ పిల్లల్ని తెచ్చి తెల్లవారుజామున చెరువులో వదిలాడు.

ఆ యేడు కర్ణాటకంలో వానలు లేవు. ఫిబ్రవరిలో అలివి లాగిస్తే జానెడు చేపలు పడ్డాయి. తలకాయలు చూస్తే బొచ్చె తలకాయలే, వెనుక వొళ్ళు మాత్రం లేదు. కరువు వల్ల అని సరిపెట్టుకొని, అమ్ముడుపోయినవి అమ్మి, మిగతావి వదిలేశాము. 2024లో వానలు బాగా పడ్డాయి. ఆగస్టులో డ్యాము 19వ గేటు కొట్టుకుపోయి అందరమూ గుండెలు చేత పట్టుకొన్నా, మళ్ళీ నీళ్ళు వచ్చాయి, చెరువు నిండింది. నష్టం పూడ్చుకోవాలని ఇంకో నలభై వేల పిల్లలు వేశాము. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ అలివి లాగిస్తే మళ్ళీ అవే జానెడు చేపలు, అవే తలకాయలు.

ఇక కరువు మీద నెట్టడానికి లేదు. సీడు జాతి మంచిది కాదన్నాము. మంచి సీడుకు ఇచ్చిన డబ్బుతో నాసిరకం తెచ్చి మధ్యలో మిగుల్చుకొన్నాడని స్టోర్సు మిత్రుడి మీద అనుమానం పడింది. అనుమానం మనసులో పెట్టుకొన్నా బాగుండేది. ఆఫీసు వరండాలో నలుగురి ముందు అనేశాము. అతడు ఒక్క మాట తిరిగి అనలేదు. మరునాడు తన వాటా వదులుకొంటున్నట్టు కాగితం వ్రాసి మా బల్ల మీద పెట్టాడు. పద్దెనిమిదేళ్ళుగా పదకొండు గంటల టీ కలిసి తాగినవాళ్ళము, ఆ రోజు నుంచి అతడు ఇంకో కొట్టుకు వెళ్ళసాగాడు. మేము విమానం ఎక్కే నాటికి సంగతి అక్కడ ఉన్నది.

మెంఫిసు నుంచి ఎనిడ్‌కు కారులో గంటంబావు. దారి దక్షిణంగా సాగుతుంది. కుడిచేతి వైపు నేల అరిచేతిలా చదునుగా పడమరకు పోతుంది. దానిని వాళ్ళూ డెల్టా అనే అంటారు. నల్లని నేల, పత్తి చేలు. మేము వెళ్ళినప్పుడు ఇంకా దుక్కి మీద ఉన్నాయి. ఎడమచేతి వైపు చిన్న చిన్న గుట్టలు, అడవి. చెట్ల నడుమ తెల్లని పూల చెట్లు విరగబూసి, మన తెల్ల మోదుగలు అడవిలో దారి తప్పాయా అన్నట్టున్నాయి. డాగ్‌వుడ్ అని పేరు చెప్పింది మా మరదలు.

గుట్టల్లో పుట్టే యేరులన్నీ ఆ చదును నేల మీద పడి ముంచేవట. 1927లో మిసిసిపీ నదికి వచ్చిన వరదలో లక్షలాది జనం ఇళ్ళు విడిచి గట్ల మీద బతికారు. ఆ తర్వాతనే ప్రభుత్వం గుట్టలు ముగిసి చదును మొదలయ్యే చోట వరుసగా నాలుగు యేరులకు అడ్డుకట్టలు వేయించింది. మొదటిది సార్డిస్, తర్వాత అర్కాబుట్ల, మూడవది ఎనిడ్, నాలుగవది గ్రెనాడా. యొకోనా అనే చిన్న నది మీద కట్టిన ఈ ఎనిడ్ 1952లో పూర్తయింది. అంటే మా తుంగభద్ర కంటే ఒక యేడు పెద్ద. అందుచేత దాని మీద మాకు వెంటనే బంధుత్వం తోచింది.

కాని దాని తీరు మా డ్యాముకు తలకిందులు. మా డ్యాము నీరు పట్టి దాచి పొలాలకు ఇవ్వడానికి. ఎనిడ్ వరద పట్టడానికి. పట్టాలంటే ఖాళీ ఉండాలి గదా! అందుకని ప్రతి యేడూ శరత్కాలం నుంచి నీరు వదిలేసి, చలికాలానికి సరస్సును 6,100 ఎకరాలకు దించుతారు. వసంతంలో వానలు పడితే మళ్ళీ పెరుగుతుంది, నిండు వరదలో 28,000 ఎకరాల దాకా పరుచుకొంటుంది. మధ్యలో బయటపడిన బురద నేల మీద గడ్డి, పొదలు మొలిచి ఉంటాయి. మేము వెళ్ళినప్పుడు నీరు పైకి వస్తున్నది. విల్లో చెట్లు మొలలోతు నీటిలో నిలబడి ఉన్నాయి. మా తమ్ముడు పడవను ఆ చెట్ల మధ్యకు పోనిచ్చి ఇంజను ఆపేశాడు.

అక్కడి జనమంతా వచ్చేది క్రాపీ అనే చేప కోసం. పలకడం క్రాపీ అని, వ్రాయడం మరొక రకంగా. చందువ మాదిరి పలచగా, వెడల్పుగా, వెండి రంగు మీద నల్ల మచ్చలతో ఉంటుంది. మూతి చాచినప్పుడు హార్మోనియం తిత్తిలా ముందుకు వస్తుంది. ఆ పెదవి తీరు కాగితమే. మన పరిగెను లాగినట్టు గాలం గుంజితే చిరిగి చేప పోతుంది. మొదటి రోజు మావి మూడు అట్లాగే పోయాయి. "అన్నయ్యా, ఇది ఫైలు కాదు, మెల్లగా లాగు," అన్నాడు తమ్ముడు. బతికిన చిన్న చేపను ఎరగా గుచ్చి, బెండు కట్టి, పొదల మొదట్లో వదలాలి. వసంతంలో నీరు కాస్త వెచ్చబడగానే ఇవి లోతు నీరు విడిచి ఒడ్డు పొదల్లోకి గుడ్లు పెట్టడానికి వస్తాయి. గూడు తీర్చేదీ, గుడ్లకు కాపలా కాచేదీ మగ చేపే. ఆ మాట విని మా ఆవిడ మా వైపు ఒకసారి చూచింది.

1957 జూలైలో ఈ ఎనిడ్ దగ్గరనే 5 పౌన్ల 3 ఔన్సుల తెల్ల క్రాపీ ఒకటి గాలానికి పడింది. మన లెక్కలో రెండు కిలోల మూడు వందల యాభై గ్రాములు. తెల్ల క్రాపీలో దానిని మించినది గాలానికి పడినట్టు నేటికీ రికార్డు లేదు. మామూలుగా ఈ చేప పౌను తూగితే మంచిదే అంటారు. మరి ఈ నాలుగు సరస్సులలో రెండేసి పౌన్లవి, అప్పుడప్పుడు మూడు పౌన్లవి పడుతుంటే, అదే రాష్ట్రంలో రైతుల కుంటల్లో అదే చేప అయిదారు అంగుళాల దగ్గర ఆగిపోతున్నదట. "ఇక్కడి జాతి మేలురకం కాబోలు," అన్నాము. తమ్ముడు సమాధానం చెప్పకుండా ఒడ్డు వైపు చెయ్యి చూపి, "ఆ అమ్మాయిని అడుగుదాం," అన్నాడు.

పడవలు దింపే రేవు దగ్గర రాష్ట్ర మత్స్యశాఖ తరఫున ఒక అమ్మాయి నిలబడి ఉన్నది. ఉద్యోగం పేరు క్రీల్ క్లార్కు. క్లార్కు అన్న మాట చెవిన పడగానే మాకు ప్రాణం లేచి వచ్చింది. ఒడ్డుకు వచ్చిన ప్రతి పడవనూ ఆపి, ఎన్ని గంటలు వేటాడారు, ఎన్ని పట్టారు, ఎన్ని వదిలేశారు, ఎక్కడి నుంచి వచ్చారు అని అడిగి, చేపలను కొలబద్ద ఉన్న పలక మీద పెట్టి కొలిచి వ్రాసుకొంటుంది. వాళ్ళ ఫారం మేము శ్రద్ధగా పరిశీలించాము. గళ్ళు చక్కగా గీశారు, దిద్దుబాట్లు లేవు. ఆమె ఇంగ్లీషు ఆ ప్రాంతపు సాగదీత ఇంగ్లీషు, మాకు సగం అందలేదు. తమ్ముడు తెలుగు చేసి చెప్పాడు.

మేము జాతి మాట ఎత్తగానే ఆమె నవ్వి, మా పెట్టెలోంచి పన్నెండున్నర అంగుళాల చేపను తీసి పలక మీద పెట్టి, తన ఫోనులో ఇంకో చేప బొమ్మ చూపింది. అది ఒక రైతు కుంటలోది, ఆరు అంగుళాలు. రెంటి వయస్సూ చెప్పమన్నది. పెద్దదానికి ఆరేళ్ళు, చిన్నదానికి ఒక యేడు అన్నాము. పెద్దది మూడేళ్ళ ప్రాంతందట. చిన్నది దానికంటే వయస్సులో పెద్దదట! చేప తలలో చెవి దగ్గర చిన్న రాయిలాంటి ఎముక ఉంటుంది. చెట్టు మొద్దులో ఉన్నట్టు దానిలో యేడాదికొక వలయం పడుతుంది. దానిని కోసి, భూతద్దం కింద పెట్టి లెక్కపెడతారు. మన ఆఫీసులో సర్వీసు రిజిస్టరు ఉన్నట్టు ప్రతి చేపకూ తలలోనే ఒక రిజిస్టరు ఉన్నదన్నమాట. పుట్టిన తేదీ దిద్దడానికి వీలు లేదు.

"అంత దూరం పోనక్కరలేదు, కన్ను చూడండి," అన్నది. తిండి చాలని చేపకు వొళ్ళు ఆగిపోతుంది గాని కన్నూ తలకాయా వయస్సుకు తగినట్టు సాగుతూనే ఉంటాయి. ఆ ఫోను బొమ్మలో చేపకు కన్ను అణా కాసంత ఉన్నది.

మేము, మా ఆవిడ ఒకరి ముఖం ఒకరం చూచుకొన్నాము. తలకాయలు చూస్తే బొచ్చె తలకాయలే, వెనుక వొళ్ళు మాత్రం లేదు.

ఆ తర్వాత ఆమె చెప్పినది మేము ఒక రసీదు వెనుక వ్రాసుకొన్నాము. ఒక ఆడ క్రాపీ వేలకు వేలు గుడ్లు పెడుతుంది. చిన్న కుంటలో అన్నీ బతికితే మొదటి యేడే నోళ్ళు నిండిపోతాయి. క్రాపీ పిల్ల ముందు నీటిలోని కంటికి ఆనని పురుగులు తింటుంది, తర్వాత కీటకాలు, కొంత పెరిగాక చేపపిల్లలు. ఆ మూడవ మెట్టు ఎక్కితే ఇక గబగబ పెరుగుతుంది. రద్దీ ఎక్కువైతే మెట్టు ఎక్కే లోపలే తిండి అయిపోతుంది. ఏదీ చావదు, ఏదీ పెరగదు. అందుకనే చిన్న కుంటల్లో క్రాపీని వేయవద్దని అక్కడ రైతులకు చెబుతారట.

ఎనిడ్‌లో ఆ మెట్టు ఎక్కించేది షాడ్ అనే చేప. వేలకొద్దీ గుంపులుగా తిరుగుతుంది. అది మన గోదావరి పులసకు దూరపు చుట్టం, కాని రుచిలో ఆ వంశం పేరు నిలబెట్టలేదు. చలికాలంలో నీరు దిగి సరస్సు చిన్నదైనప్పుడు షాడ్ పిల్లలు దాక్కోను చోటు లేక క్రాపీల నోట పడతాయి. క్రాపీ పిల్లలు కూడా పెద్ద చేపల నోట పడతాయి, అక్కడికి రద్దీ తగ్గుతుంది. వసంతంలో నీరు గడ్డి నేల మీదికి పాకితే, కుళ్ళిన గడ్డి నుంచి పురుగు పుట్టి, పిల్లలకు తిండీ దాపూ రెండూ దొరుకుతాయి. వసంతపు వరద బాగా వచ్చిన యేడు పుట్టిన పిల్లలు ఎక్కువ, మూడేళ్ళ తర్వాత వేటగాళ్ళకు పండుగ. వరద రాని యేడు పుట్టినవి తక్కువ. అందుచేత అన్ని యేళ్ళూ ఒకటిగా ఉండవని కూడా చెప్పింది.

వేటగాళ్ళకు ఒక నిబంధన ఉన్నది. పన్నెండు అంగుళాలకు తక్కువైన క్రాపీని అక్కడికక్కడే నీటిలో వదలాలి. ఇది మాకు చాలా ధర్మంగా తోచి, అన్ని చెరువుల్లోనూ పెట్టవలసిన నిబంధన అన్నాము. ఆమె ఒప్పుకోలేదు. చేప త్వరగా పెరిగే చోటనే దీనివల్ల లాభం. పెరగని కుంటలో చిన్నవాటిని వదిలేస్తూ పోతే రద్దీ ఇంకా పెరుగుతుంది. అక్కడ చిన్నవి ఎన్ని పడితే అన్ని తీసేయాలి. మేము మొదటి యేడు అమ్ముడుపోని జానెడు చేపలను దయతలచి తిరిగి వదిలేసి, వాటి మీద ఇంకో నలభై వేలు వేసినవాళ్ళము! ఆ ముక్క తమ్ముడు తెలుగు చేస్తుంటే అతని ముఖం చూడలేకపోయాము. చెరువు సంగతి అతనికి అంతవరకు చెప్పలేదు. ఆ రాత్రి చెప్పాము.

"ఆ స్టోర్సు ఆయనను ఏమన్నావు అన్నయ్యా?" అని ఒక్కటే అడిగాడు. అన్న మాట అన్నట్టే చెప్పాము. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "క్రాపీ అయినా తనంతట తానే పిల్లల్ని పెట్టి కుంట నింపుతుంది. బొచ్చె చెరువులో గుడ్లు పెట్టదు కదా," అన్నాడు. నిజమే. బొచ్చెకు పారే వరద నీరు కావాలి. మా చెరువులో ఉన్న ప్రతి నోరూ మేము లెక్క పెట్టి వేయించినదే. చేప మీద కూడా నేరం మోపడానికి లేదు.

రెండవ రోజు మాకు సరస్సు మీద మనసు నిలవలేదు. మా ఆవిడ మాత్రం బెండు మీది చూపు తిప్పకుండా కూర్చుని పద్నాలుగు అంగుళాల చేపను పెదవి చిరగకుండా పైకి తీసింది. దానికి లైసెన్సు కొన్న డబ్బు దండుగ అని ముందు రోజు అన్నది ఆమే. పక్క పడవలో ఒక ముసలి నల్లజాతి పెద్దమనిషి ముందు వైపు గాలపు కర్రలు సాలెపురుగు కాళ్ళలా చాచి పెట్టుకొని, టోపీ తీసి ఆమెకు నమస్కారం చేశాడు. సాయంకాలం చేపలను ముల్లు లేకుండా కోసి, మొక్కజొన్న పిండి అద్ది వేయించారు. మాంసం తెల్లగా, మెత్తగా ఉన్నది. కారం లేకపోవడం ఒక్కటే లోపం. మా ఆవిడ సంచిలోంచి తెచ్చిన పచ్చడితో అదీ తీరింది.

వచ్చేటప్పుడు క్రీల్ క్లార్కు అమ్మాయి మాకు ఒక అంటించే కొలబద్ద ఇచ్చింది. పడవ అంచుకు అంటించుకొనేది, ఇరవై అంగుళాలది, పన్నెండు దగ్గర ఎర్రగీత. మేము పాస్‌పోర్టులో పెట్టి తెచ్చాము.

ఊరు చేరిన మరునాడు, ఆదివారం, స్టోర్సు మిత్రుడి ఇంటికి వెళ్ళాము. దారిలో ఏమేమి మాట్లాడాలో మనసులో ముసాయిదా వ్రాసుకొన్నాము. అతడు తలుపు తీసి, ఒక్క క్షణం నిలబడి, "బన్ని, కూత్కొళ్ళి," అన్నాడు. ముసాయిదా మరచిపోయి, "తప్పు మాది, సీడు మంచిదే, లెక్క మాది," అని కన్నడంలోనే చెప్పాము. అతని భార్య లోపల నుంచి అంతా వింటున్నదని మాకు తెలుసు. ఆమె టీ తేలేదు. అది న్యాయమే. అతడు ఆ కొలబద్దను తిప్పి తిప్పి చూచి, అంగుళాలు ఎందుకు, సెంటీమీటర్లు లేవా అన్నాడు. వరండాలో ఆ మాట విన్న నలుగురి ముందు మళ్ళీ చెప్పవలసి ఉన్నది గనుక సోమవారం అది కూడా చెప్పాము. చెప్పడం అనుకొన్నంత తేలిక కాదు. వారిలో ఒకడు నవ్వాడు.

మే నెలలో చెరువు అట్టడుగుకు వచ్చినప్పుడు పాత చేపలన్నీ వచ్చిన ధరకు అమ్మేశాము. జూలైలో కాలువ నీరు వచ్చాక ఎకరానికి వెయ్యి చొప్పున పన్నెండు వేల పిల్లలు, అవి కూడా వేలెడు పొడవు దాటినవి ఏరి వేశాము. ఈసారి పిల్లలు ఎన్ని అన్నది మేము లెక్క కట్టలేదు, స్టోర్సు మిత్రుడు కట్టాడు. మళ్ళీ వాటా తీసుకోమంటే ఆలోచిస్తానన్నాడు గాని, ఆదివారాలు వచ్చి గట్టు మీద కూర్చుంటున్నాడు. కార్తిక మాసంలో ఒక సాయంకాలం విసురు వలలో ఒక బొచ్చె పడితే, కాపలా పాక తలుపుకు అంటించిన కొలబద్ద పక్కన పెట్టి పట్టుకొన్నాడు. తోక పద్నాలుగు దగ్గర ఆగింది. వొళ్ళు తలకు సరిపోయి ఉన్నది. అతడు కన్ను కూడా చూచి, చేపను తిరిగి నీటిలో వదిలి, చేతులు కడుక్కొని, పంచె అంచున తుడుచుకొన్నాడు.

గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. సంక్రాంతి తర్వాత అలివి లాగిస్తాము.